బుధవారం ఐదింటి పేజీ

"ఏదైనా రాయి, రెండు పేజీలు మించొద్దు" అని మన పాత విద్యార్థుల సంచిక కమిటీ కబురు. రెండు పేజీలా! మన సారు సెమినార్‌లో చదివిన కథ మీద వారం వారం రాసే కాగితం పేజీ దాటితే రెండోది చదవకుండానే తిరిగొచ్చేది కదర్రా. హాస్టల్ ట్యాంకు సంగతీ, అరకు బస్సు సంగతీ ఇంకెవరైనా రాయండి. నేను వరండా చివర, బుధవారం ఐదింటికల్లా ఆ కాగితాలు వేసే చెక్కపెట్టె దగ్గరే ఆగిపోతాను.

400 మాటలు, కాగితానికి ఒకవైపే. పైన ఏ ప్రతి చదివామో, ఏ ఏటి అచ్చో రాయాలి. చాదస్తమనుకున్నాం గాని "దిద్దుబాటు" వారం తెలిసొచ్చింది. 1910లో పత్రికలో వచ్చిన గురజాడ కథ అది. తలా ఒక సంకలనం నుంచి జిరాక్సు తెచ్చుకున్నాం, మాటలు కలవలేదు. ఒక్క మాట పట్టుకుని వాదించేటప్పుడు అది ఎదుటివాడి కాగితంలో లేకపోతే గంటంతా దానికే సరి.

రెండుసార్లు చదవాలి. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకూడదు. రెండోసారి మార్జిన్లో మూడే గుర్తులు: అర్థం కానిచోట ప్రశ్న, మళ్ళీ వచ్చిన మాట కింద గీత, ఒప్పుకోలేనిచోట అడ్డగీత. పేజీ నిండా గీతలు గీసినవాడికి రాయడానికి ఏమీ మిగలదని సారు అనేవారు, నిజమే. అన్నీ ముఖ్యమైతే ఏదీ ముఖ్యం కాదు.

కథ మూడు పంక్తుల్లో చెప్పేసి వదిలెయ్యాలి. చాలామందిమి జారిపడ్డది అక్కడే. పది పంక్తుల సారాంశం, చివర "ఈ కథ స్త్రీ విద్య ఆవశ్యకతను చాటుతోంది" అని ముగింపు. దాని పక్కన ఎర్రసిరాతో ఒకే మాట: "కాదన్నదెవరు?" పరీక్ష కూడా అదే. మనం రాసిన వాక్యాన్ని క్లాసులో ఒక్కరైనా కాదనగలగాలి. ఎవరూ కాదనలేకపోతే అది అభిప్రాయం కాదు, అట్టవెనక మాట. "గురజాడ 1862లో జన్మించి" అని మొదలైన కాగితాలకైతే ఆ ఎర్రసిరా కూడా దక్కలేదు.

ఇక ఉటంకింపు. రెండు పంక్తులు మించకూడదు. ఎత్తి రాసినదానికి రెట్టింపు దాని మాటల గురించి మనం రాయాలి. "పైవాక్యం ద్వారా స్పష్టమవుతోంది" అంటే ఒప్పుకునేవారు కాదు. స్పష్టమైతే నువ్వెందుకు రాస్తున్నావు, అని.

అందరికీ గుర్తున్నది ఆ ఒక్క కాగితమే, ఎవరిదో చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి దాటి గోపాలరావు ఇల్లు చేరితే భార్య కమలిని లేదు, ఆమె రాసిన ఉత్తరం ఉంది. "ప్రియా" పోయి "అయ్యా" వచ్చిందేమని అతను గొణుక్కుంటుంటే, పక్కనున్న నౌకరు రాముడు పెయ్య పోయిందనుకుంటాడు. మనమంతా అక్కడ నవ్వేసి పేజీ తిప్పాం. ఆ కాగితం అక్కడే ఆగింది. చదువు నేర్పినవాడున్నాడు, నేర్చుకుని ఉత్తరం రాసినావిడ ఉంది, ఆ ఉత్తరంలో ఏముందో చెవితో తప్ప తెలుసుకోలేనివాడు మూడోవాడు. చదువు గురించిన కథలో చదువు రానివాడి మీద నవ్వు ఎందుకు పెట్టినట్టు? వీపు మీద దెబ్బలు తిన్నదీ అతనే కదా?

పావు పేజీ అయ్యాక తనకు తానే అడ్డం తిరిగింది ఆ కాగితం: నవ్వు రాముడి మీద కాదేమో, సంసారం కూలిపోతున్న వేళ కూడా సంబోధన దగ్గర పట్టుబడ్డ యజమాని మీదేనేమో. ఎదుటివాదం రాయమంటే మనం "కొందరు ఇలా కూడా అనవచ్చు" అని గడ్డిబొమ్మను నిలబెట్టి పడగొట్టేవాళ్ళం. ఇక్కడ ఎదుటివాదానికి తన వాదమంత బలం ఉంది. అందుకే మొదటి వాక్యం కొట్టేసి, పైన మళ్ళీ రాసి ఉంది. ఆ కొట్టివేత చూపించి సారు సంతోషపడ్డారు. ఆయన సంతోషపడటం రెండేళ్ళలో అదొక్కసారే.

పితృస్వామ్యం అనే మాట ముద్రలా కొట్టి ఊరుకోకూడదనీ, కొడితే ఏ వాక్యంలో కనబడిందో చూపాలనీ నేర్చుకున్నది ఆ వారమే. రెండో ఏడాది ఏం చదివామో నాకు ఒక్కటీ గుర్తులేదు, క్షమించాలి.

ఇప్పుడు ఇతరుల రాతలు దిద్ది అచ్చుకు పంపడం నా ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్ళకు మొదటివారం ఆ 400 మాటల కాగితమే ఇస్తాను. ఎర్రసిరా నాదగ్గరా ఉంది. మూడు పంక్తులు దాటి సారాంశం రాసినవాళ్ళు ఇప్పటికి చాలామందే తిట్టుకున్నారు. వాళ్ళలో ఇద్దరు నాకంటే బాగా దిద్దుతున్నారు.

కాగితం చివర ప్రశ్న ఉండాలి, అవును-కాదు అని తేలిపోనిది. ఆ కాగితం చివరిది ఇది: రాముడికి నిజంగా పెయ్య అనే వినబడిందా, లేక మంచం కింద కమలిని దాక్కుందని తెలిసే అన్నాడా? మెస్ మూసేదాకా తేలలేదు. నా జిరాక్సు ఇంకా ఉంది, కలిసేరోజు తెస్తాను. మీ ప్రతులూ తెండి. ఆ కాగితం రాసిన మన "పెయ్య"కి కూడా ఎవరైనా ఫోన్ చెయ్యండి.