ఓరీ పక్: ఇంకు ఇంకా ఆరలేదు

మళ్లీ జిగురే! వారం రోజులు గాలికి ఆరబెట్టి, ఆ తర్వాతే అక్రిలిక్ డబ్బాలో పెట్టిన పక్‌ని (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ల) నిన్న రాత్రి తీసి బొటనవేలితో నొక్కితే, సిల్వర్ ఇంకు వేలికి వచ్చేసింది.

నయం, ఇది ఉత్త పక్, మీదున్నది నా సంతకమే. అసలుది మార్చిలోనే పాడైంది. విల్లీ ఓరీ సంతకం, దాని కింద 1-18-58. 1958 జనవరి 18న మాంట్రియల్ ఫోరంలో బోస్టన్ బ్రూయిన్స్ జట్టు తరఫున దిగి, ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి నల్లజాతి ఆటగాడయ్యారు కదా, ఆ తేదీ రాయించడానికి విడిగా డబ్బు కట్టాను. పార్సిల్ వచ్చిన రోజే మురిసిపోయి డబ్బాలో బిగించేశాను. పది రోజులకు చూస్తే చివరి 8లో ఎడమ సగం మూతకు అంటుకుపోయింది. ఇప్పుడది 53! తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు.

అప్పటినుంచి ఉత్త పక్‌ల మీద ప్రయోగాలు. మొదటిది సంతకానికి ముందు అసలు తుడవలేదు: 10 నిమిషాలకు మసకబారింది, 24 గంటలకు గట్టిపడింది, డబ్బాలో ఐదో రోజుకు మళ్లీ మెత్తబడింది. రెండోది 70 శాతం ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచాను: ఎనిమిదో రోజుకు అదే కథ. నిన్నటిది మూడోది, 91 శాతంతో రెండుసార్లు. మూతకీ పక్‌కీ మధ్య సందు 1 మి.మీ. కూడా లేదు. అందుకని ఇంకు వాసన బయటికి పోక లోపలే తిరిగి మెత్తబరుస్తోందని ముందు అనుకున్నాను. కానీ వారం ఆరిన దానికి ఇంకా వాసనెక్కడిది? రబ్బరులోంచే ఏదో మైనం లాంటిది పైకి ఊరుతోందని ఇప్పుడు నా అనుమానం. తుడిచిన గుడ్డ మూడోసారికీ నల్లగానే వచ్చింది మరి.

పెన్ను మార్చమంటారా? యూని పెయింట్ కంటే మంచిది నాకింతవరకూ దొరకలేదు.

8x10 అంగుళాల ఫొటో మీద ఆయన నీలం షార్పీ మార్కర్ సంతకం మాత్రం చక్కగా కూర్చుంది. జెర్సీ మీద ఆయన నంబరు 22 కూడా ఓకే.

చాలామంది సంతకం కింద హాల్ ఆఫ్ ఫేమ్ (హాకీ దిగ్గజాలకిచ్చే గౌరవం) అని రాయించుకుంటారు. నాకు నచ్చదు. అది 2018లో, అరవై ఏళ్లు ఆగి ఇచ్చింది. కుడికన్ను దాదాపు కనిపించదన్న సంగతి దాచిపెట్టి ఎన్‌హెచ్‌ఎల్‌లో 45 మ్యాచ్‌లు ఆడిన మనిషికి ఆ 1958 తేదీయే అందం. ఈసారి తొలి గోల్ తేదీ కూడా అడుగుతాను, 1961 జనవరి 1. ఆయన అక్కడ వేసిన గోల్స్ నాలుగే, కాబట్టి తేదీలు నాలుగూ రాయించాలని మా ఆవిడతో అంటే, ముందు ఒక్కటి నిలబెట్టు అంది.

ఆదివారం నాలుగో పక్‌ని గిన్నెల సబ్బుతో కడిగి, మూడు రోజులు ఎండబెట్టి చూస్తాను. డబ్బాకి పక్కన 3 మి.మీ. రంధ్రం కూడా వేస్తున్నాను.