మొక్కు ఆగుతుంది, గోలీ ఆగదు

మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపు) చెడి గుండె ఫెయిలయ్యేటప్పుడు మాలాంటి రోగులకు మొదట తెలిసేది ఛాతీ నొప్పి కాదు, పడుకుంటే వచ్చే దమ్ము. ఒక మెత్త చాలక రెండు, మూడు పెట్టుకుంటాం. నడిరాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటాం. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. గ్యాస్ అనో ఆస్తమా అనో తోసేయడం మా వరంగల్ దిక్కు మామూలే. ఎకో (గుండె స్కాన్) తీస్తేనే తేలుతుంది. చిన్నప్పుడు గొంతునొప్పి వెనకాల వచ్చిన కీళ్ల జ్వరం వాల్వును పాడుచేసి, ఏళ్ల తర్వాత ఇట్లా బయటపడుతుంది.

మేడారం జాతరలో ఎత్తు బంగారం (మన బరువంత బెల్లం) మొక్కే మనకు తూకం కొత్తేమీ కాదు. అది రెండేళ్లకోసారి, ఇది రోజూ. పొద్దున మూత్రానికి పోయొచ్చి, చాయ్ తాగకముందే బరువు చూసే మిషన్ ఎక్కాలి. ఒక్క రోజులో కిలో, వారంలో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరే. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఒంట్లో నీటిని మూత్రంలో పోగొట్టే నీళ్ల గోలీ పొద్దున వేసుకుంటేనే రాత్రి నిద్ర.

రోజుకు లీటరున్నర అని డాక్టరు చెబితే అంత పట్టే సీసా నింపి పెట్టుకోండి. చాయ్, మజ్జిగ, చారు, గుడి తీర్థం, ఏది తాగినా అంతే నీళ్లు సీసాలోంచి పారబోయాలి. సీసా ఖాళీ అయితే ఆ రోజు కోటా అయిపోయినట్టే. ఉప్పు అన్నిట్లో కలిపి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. మామిడికాయ తొక్కు, అప్పడాలు, సకినాలు ఆ లెక్కను ఒక్క పూటలో దాటిస్తాయి. తక్కువ సోడియం ఉప్పు మంచిదంటారు గానీ అందులో పొటాషియం ఉంటుంది. మేం వాడే కొన్ని గోలీలతో అది ప్రమాదం.

వాల్వు మార్చే ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను నిలువునా కోసి, గుండె పనిని మిషన్‌కు అప్పగించి, కొత్త వాల్వు కుట్టి, ఎముకను స్టీలు తీగలతో బిగిస్తారు. ఐసీయూలో గొంతులో గొట్టం ఉన్నంతసేపు మాట రాదు. ఇది ముందే తెలిస్తే సగం భయం పోతుంది. పగలో రాత్రో తెలియని ఆ గదిలో మనసులో జపం లెక్కపెట్టుకుంటే కాలం కదులుతుంది. గొట్టం తీశాక మూడు బంతుల స్పైరోమీటరు (ఊపిరితిత్తుల కసరత్తు డబ్బా), మెలకువగా ఉన్న ప్రతి గంటకూ పదిసార్లు. ఊదడం కాదు, పీల్చాలి. దగ్గాలంటే మెత్తను ఛాతీకి గట్టిగా అదుముకోవాలి. ఊపిరితిత్తుల్లో కఫం నిలిస్తే నిమోనియా వస్తుంది.

ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు. అప్పటిదాకా రెండు మూడు కిలోలు దాటి ఎత్తొద్దు, చేతులు ఊని లేవొద్దు. సాష్టాంగం, పొర్లుదండాలు, కొబ్బరికాయ కొట్టడం బంద్. నమాజు కుర్చీలో చేసుకోవచ్చు. బంగారం బుట్ట ఇంట్లోవాళ్లు మోస్తారు. గాయం మానేదాకా మేడారం జంపన్నవాగు స్నానమూ వద్దు, కోత మీద విభూతి, పసుపు అసలే వద్దు.

లోహపు వాల్వు అయితే రక్తం పలచన చేసే గోలీ జీవితాంతం. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మైట్రల్ వాల్వుకు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె) మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. తగ్గితే వాల్వు మీద గడ్డ కట్టి పక్షవాతం, పెరిగితే రక్తస్రావం. ఆకుకూరలు మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తినాలి. శనివారం ఒక్కపొద్దులు మొదలుపెట్టినా ఆపినా ఐఎన్ఆర్ కదులుతుంది, కాబట్టి ముందే చెప్పాలి. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల గోలీ, నడుముకు సూది రెండూ వద్దనాలి. పన్ను పీకించేముందు వాల్వు సంగతి చెప్పకపోతే గుండెకే ఇన్‌ఫెక్షన్ రావచ్చు. రాత్రి నిశ్శబ్దంలో లోహపు వాల్వు టిక్కుటిక్కుమనే చప్పుడు మందగించినా, దమ్ము తిరగబెట్టినా అదే రాత్రి ఆసుపత్రికి పోవాలి.

వేములవాడలో తలనీలాల మొక్కుంటే ఐఎన్ఆర్ చూపించుకున్నాకే కూర్చోవాలి; కత్తి గాటు పడితే మామూలు కంటే ఎక్కువసేపు అదిమి పట్టాలి. జాతరకు ఎవరితో పోయినా వాల్వు రకం, గోలీ పేరు, చివరి ఐఎన్ఆర్ రాసిన కార్డు జేబులో పెట్టుకోవాలి.