నాలుగు అడుగులు చూసి రాసేశారు

మావాడికి ఏడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు కష్టమవడం. వాడిది రెండు కాళ్లూ బిగుసుకుపోయే రకం. వైకల్యం ఎంతుందో తేల్చి డాక్టర్ల బోర్డు ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం వెళ్తే తలుపు నుంచి బల్ల దాకా నాలుగు అడుగులు వేయించి, "బానే నడుస్తున్నాడుగా అమ్మా, ఎందుకొచ్చారు?" అన్నారు. వరసలో నిలబడ్డవాళ్లంతా విన్నారు. దొంగ సర్టిఫికెట్ కోసం వచ్చినదాన్ని చూసినట్టు చూశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ పేరు పెట్టి మరీ ఉంది. వైకల్యం 40 శాతం అని రాకపోతే చాలా పథకాలు వర్తించవు. అది తేల్చడానికి నాలుగు అడుగులా?

డాక్టరు ముందు ఏ పిల్లాడైనా ఒళ్లంతా బిగబట్టి నడుస్తాడు. అది వాడు చేయగలిగింది, రోజూ చేసేది కాదు. ఆ కోపంతోనే పిల్లల ఫిజియో దగ్గర పూర్తి అసెస్‌మెంట్ చేయించాను.

మంచం మీద పరీక్షలు త్వరగానే అయ్యాయి. మోకాలు మడిచి ఉంటే పాదం పైకి వంగింది, చాపితే 90 డిగ్రీలకు ముందే ఆగిపోయింది. బిగువు పిక్కలోని పై కండరానిదన్నమాట. తర్వాత మెల్లగా ఒకసారి, వేగంగా ఒకసారి వంచి రెండు కోణాలూ రాసుకున్నారు. తేడా బాగా ఉంటే బొటాక్స్‌తో, అంటే బిగుసుకున్న కండరాన్ని వదులుచేసే ఇంజెక్షన్‌తో, ప్రయోజనం ఉండొచ్చు. తేడా లేకపోతే కండరమే కురచైందని అర్థం, ఇంజెక్షన్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు. రక్తపరీక్ష చేయించిన వెంటనే మాత్రం పిల్లల్ని తీసుకెళ్లకండి. ఏడిస్తే కాళ్లు ఇంకా బిగుస్తాయి, కోణాలన్నీ తప్పుగా వస్తాయి.

అసలు సంగతి తేలింది ఫంక్షనల్ మొబిలిటీ స్కేల్ దగ్గర, అంటే రోజూ ఎంత దూరం ఏ ఆసరాతో తిరుగుతాడో అంకెల్లో చెప్పే కొలత. మెల్‌బోర్న్ డాక్టర్లు తయారుచేసింది. 5, 50, 500 మీటర్లు, అంటే ఇల్లు, బడి, బజారు. మూడింటికీ విడివిడిగా అంకె వేస్తారు: 1 వీల్‌చైర్, 2 వాకర్, 3 క్రచెస్, 4 చేతికర్ర, 5 చదునైన నేల మీద ఏ ఆసరా లేకుండా, 6 మెట్లు, గతుకులు, జనం ఉన్నా అలాగే. నడిపించి చూసి వేసేది కాదు, రోజూ ఏం చేస్తాడో ఇంట్లోవాళ్లను అడిగి వేసేది.

"ఇంట్లో గోడ పట్టుకుంటాడా?" అని అడిగింది ఫిజియో. మా హాల్లో వాడి భుజం ఎత్తున అరచేతి జిడ్డు బాత్రూమ్ దాకా గీతలా సాగి ఉంటుంది. గోడో సోఫానో పట్టుకుంటే 5 కాదు, 4 వేయాలి. బడి వరండాలో కటకటాలు పట్టుకుంటాడు, అక్కడా 4. బజారుకైతే ఎత్తుకునే వెళ్తాం కాబట్టి 500 దగ్గర అంకె లేదు, 'ఎన్' అని రాసింది, అంటే వర్తించదు అని. బోర్డు గదిలో పట్టుకోవడానికి గోడ లేదు, దూరమూ లేదు, ఇంకేం కనపడుతుంది?

మళ్లీ స్లాట్ బుక్ చేశాను. ఈసారి నోటితో వాదించను, కాగితం, వీడియో ముందు పెడతాను. వీడియో మీరూ తీయండి: నిక్కరు మోకాళ్ల పైకి ఉండాలి, ఫోను పిల్లాడి నడుము ఎత్తులో పెట్టి పక్కనుంచోసారి, ఎదురుగా ఓసారి, వట్టికాళ్లతోనూ, కాళ్లకు కట్టే స్ప్లింట్లతోనూ. ఎదురుగా నిలబడి చాక్లెట్ చూపించి పిలవొద్దు, పరిగెత్తుకొస్తాడు, నడక తెలియదు. బడి నుంచి అలిసిపోయి వచ్చాక ఇంకోటి తీయండి. అరిగిన బూట్లు పారేయకుండా పట్టుకెళ్లండి, కాలు ఎక్కడ ఈడుస్తున్నాడో వాటి ముందుభాగం చెబుతుంది. గదిలోంచి వచ్చేముందు ఏం రాశారో చదివి, జిరాక్స్ అడిగి తీసుకోండి.