పిలకాయలకు సూరా బొమ్మ ఎలా చూపించాలి

ఎండాకాలం సెలవుల్లో పిలకాయలకు ఒక్క పెద్ద బొమ్మ పరిచయం చేయాలంటే, ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సూరా వేసిన "గ్రాండ్ జాట్ ద్వీపంలో ఆదివారం మధ్యాహ్నం" ఎంచుకోండి. పారిస్ దగ్గర సెయిన్ నదిలో ఉన్న లంకలో జనం సెలవుపూట గడపడమే అందులోని సంగతి. ఆదివారం సాయంత్రం మైపాడు బీచిలోనో కొత్తపట్నంలోనో జనాన్ని చూసిన పిల్లలకు ఇంకేం వివరించక్కర్లేదు.

ఈ బొమ్మను సూరా చిన్న చిన్న రంగు చుక్కలతో వేశాడు. ఆ చుక్కల సంగతి మాత్రం పిల్లలకు ముందే చెప్పొద్దు. చెబితే ఇక చుక్కలే చూస్తారు, మనుషుల్ని చూడరు. ఫోన్‌లో చూపిస్తే ఈ బొమ్మ చచ్చిపోతుంది. ఏ3 సైజు కలర్ ప్రింటు తీయించి, వాళ్ల కళ్ల ఎత్తులో గోడకు అంటించండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత వెతికించండి: తాడు కట్టిన కోతి, బూర ఊదే మనిషి, గాలం వేసిన ఆవిడ, ఇద్దరు సైనికులు. మనవైపు నేరుగా చూస్తున్నదెవరు? నట్టనడుమ తెల్లగౌను పాప. ఎండ ఎక్కడ, నీడ ఎక్కడ? ఇంతమందిలో మాట్లాడుకుంటున్నట్టు కనిపించేవాళ్లు ఎందరు? మన బీచిలో జనం ఇలా బిగుసుకుని నిలబడతారా? ఈ చివరి ప్రశ్న దగ్గర తొందరపడకండి. ఆ కదలని తనం సూరా కావాలని తెచ్చిందే, పిల్లలు దాన్ని వాళ్లంతట వాళ్లే పట్టుకోవాలి.

అసలు బొమ్మ ఎత్తు 2 మీటర్లు దాటుతుంది, వెడల్పు 3 మీటర్ల పైచిలుకు. మిద్దె మీద సుద్దముక్కతో ఆ కొలత గీయించి, లోపల పడుకోమనండి. 1884లో మొదలైన ఈ పని 1886లో ప్రదర్శనకెక్కింది. అప్పటికి ఆయన వయసు 26.

ఇప్పుడు చుక్కలు. ఆదివారం పేపర్లోని రంగుల ఫొటోను భూతద్దం కింద పెడితే చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి, ముందు అది చూపించండి. ఆపైన సగం ఏ4 డ్రాయింగ్ షీటు, పోస్టర్ కలర్లు, రంగుకొక ఇయర్‌బడ్ ఇవ్వండి. ఇంతకన్నా పెద్ద కాగితమైతే పిల్లలు సగంలోనే విసిగిపోతారు. రంగు గట్టిపెరుగులా ఉండాలి. నీళ్లెక్కువైతే చుక్కలు పాకి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మన ఎండలకు ప్లేటులో రంగు ఇట్టే ఎండిపోతుంది, కొంచెం కొంచెంగా పోయండి.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పసుపు, నీలం చుక్కలు పక్కపక్కన పెడితే దూరానికి పచ్చిక కనిపిస్తుందని పిల్లలకు చెబుతారు. కనిపించేది మసకబారిన బూడిదరంగు, పిల్లలు నిరాశపడతారు. సూరా కూడా అలా చేయలేదు. ముందు ఆకుపచ్చ పూసి ఆరనివ్వండి. ఎండ పడేచోట పసుపు, కాస్త నారింజ చుక్కలు, నీడలో నీలం చుక్కలు పెట్టించండి. నీలం పక్కన నారింజ పడితే రెండూ మెరుస్తాయి. పది అడుగులు వెనక్కి నడిపించి చూపించండి.

ఎండపడిన గడ్డిలో గోధుమరంగు చుక్కలెందుకున్నాయని ఎవరైనా అడుగుతారు. సూరా వాడిన జింక్ పసుపు కొన్నేళ్లకే రంగు మారింది. బొమ్మ 1926 నుంచి షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, ఆ పసుపు మాత్రం తిరిగి రాలేదు. పిలకాయల కాగితాలను కూడా ఎండ తగిలే గోడకు అంటించకండి, పోస్టర్ రంగులు వెలిసిపోతాయి.