తెల్ల లేబుల్, పసుపు లేబుల్

మామిడికాయల కాలంలో సెలవుకని దామలచెరువు వస్తే మా చిన్నాయన అడిగినాడు, "కువైట్‌లో నీ పని ఏందబ్బోడా?" పైపుల వెల్డింగ్ సరిగా ఉందో లేదో ఫిల్మ్ తీయడానికి వాడే, రేడియేషన్ ఇచ్చే ఇరిడియం ఉన్న డబ్బాలకు, లారీ ఎక్కించే ముందు రేడియేషన్ కొలుస్తానని చెప్పాను. మాట పూర్తవకముందే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. పోయినేడు పలమనేరు సంబంధం తప్పిపోయిందీ ఇందుకే. రేడియేషన్ పనంట, పిల్లలు పుట్టరంట అని ఎవరో చెప్పారట.

నిజానికి భయపడాల్సింది డబ్బాకు కాదు, కొలవకుండా సంతకం పెట్టేవాళ్లకు. ఒక సాయంత్రం వాడేసిన సోర్సును, అంటే డబ్బాలోని ఇరిడియం ముక్కను, వెనక్కి పంపాలి. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. "పాతది, చచ్చిపోయింది. తెల్ల లేబుల్ అంటించెయ్" అన్నాడు సూపర్‌వైజర్. ఇరిడియం-192 అంత తొందరగా చావదు. 74 రోజులకు సగమవుతుంది, అయిదు నెలలైనా దాదాపు పావు వంతు మిగిలే ఉంటుంది. మీటరును డబ్బాకు ఆనించి చూస్తే రేడియేషన్ గంటకు 300 మైక్రోసీవర్ట్లు. తెల్ల లేబుల్‌కు హద్దు 5 మాత్రమే! మీటరు దూరంలో (మా పనిలో దూరమూ మీటరే, చేతిలో ఉండేదీ మీటరే) 8 వచ్చింది. దాన్ని పదితో భాగిస్తే 0.8, అదే ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్, అంటే మీటరు దూరంలో రేడియేషన్ ఎంతో రవాణావాళ్లకు చెప్పే అంకె. పసుపు లేబుల్ మీద దానికో గడి ఉంటుంది, తెల్లదాని మీద ఆ గడే ఉండదు. రెండో రకం పసుపు లేబుల్ వేసి, కాగితాలు మళ్లీ రాసేసరికి గంట పట్టింది. ఆ నెల ఓవర్‌టైమ్‌లో నాకు కోత పడింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఇదంతా చిన్నాయనకు చెప్పి, "మన గడప గ్రానైట్ రాయి కూడా కొంచెం రేడియేషన్ ఇస్తుంది" అన్నాను. మన రాళ్లలో యురేనియం, థోరియం, పొటాషియం కాస్త కాస్త ఉంటాయి.

"రాయి మీద ఆ మూడు రెక్కల బొమ్మ ఉండదు కదరా" అన్నాడాయన.

నా ఒంటికి తగిలే రేడియేషన్ కొలిచే ఛాతీ బ్యాడ్జి లెక్కలు కూడా చూపించాను. మాలాంటి వాళ్లకు సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్ల హద్దు, నాది అందులో పదో వంతు కూడా కాలేదు. ఆయన కళ్లజోడు వెతుక్కుంటూ లోపలికి పోయి మళ్లీ రాలేదు.

అమ్మ మాత్రం ఆవకాయ ముక్కలు కొడుతూనే అంతా వింది. "ఈసారి పిల్ల తరపువాళ్లు అడిగితే ఎక్స్‌రే పని అని చెప్తా. అదైతే అందరూ తీయించుకున్నదే కదా!"