అమ్మకు మాటలు వినపడాలని

హోమ్ థియేటర్ ఇంటికొచ్చాక మొదటి నాలుగు నెలలూ దాని రిమోట్‌లో నేను వాడినవి మూడే బటన్లు. ఆన్, వాల్యూమ్ పెంచేది, తగ్గించేది. మిగతావాటి జోలికి పోలేదు. ఏది నొక్కితే ఏం మారిపోతుందో, మళ్లీ పాత స్థితికి ఎలా తేవాలో తెలియదని భయం.

అమ్మ సినిమా చూస్తున్నంతసేపూ రిమోట్ చేతిలోనే ఉండేది. మాటలొస్తే వాల్యూమ్ పెంచేది, పాటో ఫైటో రాగానే గబగబా తగ్గించేది. "ఏమన్నాడ్రా వాడు?" అని నన్నడిగేది. నేను చెప్పేలోపు ఇంకో రెండు డైలాగులు పోయేవి. కొన్నాళ్లకు అడగడం మానేసింది. ఆ తర్వాత సినిమా సగంలోనే లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. అది చూసినప్పుడే నాకు మనసుకి కష్టంగా అనిపించింది. చెవుల పరీక్ష కూడా చేయించాం. వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నాయన్నారు. ఫోన్లో బాగానే వింటుంది, పక్క గదిలోంచి పిలిస్తే పలుకుతుంది. ఇక ఆ పెట్టె సంగతే చూడాలనుకుని, ఒక సెలవు రోజు మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాను.

మాది 5.1 రకం. అంటే ఐదు స్పీకర్లు, లోతైన బేస్ శబ్దాలకు ఒక సబ్‌వూఫర్ అని అప్పటికే తెలుసు. ఏ స్పీకర్ పనేమిటో మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. సినిమాలో మాటలు దాదాపు అన్నీ టీవీ కిందుండే సెంటర్ స్పీకర్‌లోంచే రావాలి. సంగీతం, చప్పుళ్లు ఎక్కువగా మిగతావాటికి వెళ్తాయి. వాల్యూమ్ బటన్ నొక్కితే అన్నీ కలిసి పెరుగుతాయి, అన్నీ కలిసి తగ్గుతాయి. అమ్మ నాలుగు నెలలు ఆ బటన్‌తో కుస్తీ పట్టినా లాభం లేకపోయిందంటే కారణం ఇదే.

ఒక సినిమా పెట్టి, సెంటర్ స్పీకర్‌కి చెవి ఆనించి విన్నాను. అందులోంచి ఏ శబ్దమూ లేదు. డిస్‌ప్లేలో చూస్తే 'పీసీఎం', పక్కన 'స్టీరియో' అని ఉంది. టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ సౌండ్ ఔట్‌పుట్ పీసీఎంలో ఉండిపోయింది. పీసీఎం అంటే టీవీయే విప్పేసి పంపే మామూలు డిజిటల్ ధ్వని. ఏఆర్‌సీ అంటే టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగ మీదుగా పెట్టెకు చేర్చే దారి. టీవీ నుంచి ఆ దారిలో పీసీఎం పంపిస్తే వెళ్లేవి ఎడమ, కుడి రెండు ఛానళ్లే. దాన్ని బిట్‌స్ట్రీమ్‌కి, అంటే ధ్వనిని విప్పకుండా ఉన్నదున్నట్టు పెట్టెకే పంపే పద్ధతికి, మార్చాను. డిస్‌ప్లేలో 'డాల్బీ డిజిటల్' (ఒక్కో స్పీకర్‌కి వేరే ధ్వని ఇవ్వగల పద్ధతి) అని వెలిగింది, సెంటర్ మాట్లాడటం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ ఐదు స్పీకర్లు పెట్టుకుని రెండే విన్నాం.

తర్వాత రిమోట్‌లో 'టెస్ట్ టోన్' నొక్కాను. నా దృష్టిలో ఆ రిమోట్ మొత్తంలో ఇంతకంటే ఉపయోగపడే బటన్ లేదు. జోరువాన దూరం నుంచి విన్నట్టు 'ష్‌ష్' అనే శబ్దం ఒక్కో స్పీకర్‌లోంచి వరసగా తిరుగుతుంది, డిస్‌ప్లేలో ఆ స్పీకర్ పేరు వస్తుంది. నేను సరిగ్గా అమ్మ కూర్చునే కుర్చీలో కూర్చుని విన్నాను. ఎడమ ఫ్రంట్ బాగుంది. సెంటర్ దగ్గరికొచ్చేసరికి శబ్దం మందంగా, దుప్పటి కప్పినట్టు వచ్చింది. కుడి ఫ్రంట్ బాగుంది. డిస్‌ప్లేలో కుడి సరౌండ్ అని పడినప్పుడు శబ్దం నా ఎడమ చెవి వెనక నుంచి వచ్చింది! వెనక స్పీకర్ల వైర్లు తారుమారయ్యాయి. వెంటనే పెట్టె ఆపేసి, ప్లగ్ తీసి, వైర్లు సరిచేశాను. ఎర్ర తీగ ఎర్ర టెర్మినల్‌కి, నల్లది నల్లదానికి ఉన్నాయో లేదో కూడా అన్నింటికీ చూసుకున్నాను.

సెంటర్ మందంగా ఉండటానికి సెట్టింగ్‌తో సంబంధం లేదు. టీవీ స్టాండ్ అరలో దాన్ని లోపలికంటా తోసి పెట్టాం. మూతి అర అంచుకు వచ్చేలా ముందుకు లాగి, కింద చిన్న చెక్కముక్క పెట్టి, కూర్చున్న మనిషి ముఖం వైపు కాస్త పైకి వంచాను. మళ్లీ టెస్ట్ టోన్ పెడితే ఆ దుప్పటి తీసేసినట్టయింది. బటన్లు నొక్కేముందు ఎవరైనా ఇది చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అప్పుడు అమ్మను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను. "అన్నీ ఒకేలా వినపడేదాకా చెప్పమ్మా" అన్నాను. ఉన్న అంకెలన్నీ ముందే కాగితం మీద రాసుకుని, 'ఛానల్ లెవెల్' బటన్‌తో ఒక్కో స్పీకర్‌ని ఒక్కో డెసిబెల్ చొప్పున మార్చాను. ఆవిడ కళ్లు మూసుకుని, చెయ్యి కాస్త ఎత్తి, "ఇది ఎక్కువ, ఇంకొంచెం తగ్గించు, ఆ, చాలు" అంటూ చెప్పింది. అన్నీ సమానమయ్యాక మాటలుండే సీన్ పెట్టి సెంటర్ ఒక్కదాన్నే 3 డెసిబెల్స్ పెంచాను. "ఇప్పుడు తెలుస్తోందిరా" అంది. 6కి పెడితే మాటలు సినిమాలోంచి విడిపోయి ఎవరో గదిలో నిలబడి చదువుతున్నట్టు అనిపించాయి. 4 దగ్గర ఆపాను. సబ్‌వూఫర్ 3 తగ్గించాను. అడుగున బేస్ గట్టిగా మోగుతుంటే మాటలు దానికింద మునిగిపోతాయి.

'డిస్టెన్స్' అంటే కుర్చీకి ఒక్కో స్పీకర్ ఎంత దూరమో పెట్టెకు చెప్పడం. ఆ పని టేపుతో ఐదు నిమిషాల్లో అయింది. ధ్వని మీటరు దూరం రావడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, దగ్గరున్న స్పీకర్లను పెట్టె ఆ మేరకు ఆపి, అన్నీ కుర్చీకి ఒకేసారి చేరేలా చూస్తుంది.

రెండు ఛానళ్లే ఉండే పాత సినిమాలకు 'సరౌండ్' బటన్ నొక్కి ప్రోలాజిక్ మూవీ మోడ్ పెడుతున్నాను. ఎడమ, కుడి రెండింట్లోనూ ఒకేలా ఉన్న ధ్వనిని అది మధ్యకు లాగుతుంది. మాటలు సాధారణంగా అలాగే ఉంటాయి కాబట్టి సెంటర్‌కి వచ్చేస్తాయి. రాత్రిళ్లు 'నైట్ మోడ్'. చిన్న శబ్దాలను కాస్త పైకి లేపి, పెద్ద చప్పుళ్లను అణచిపెడుతుంది. మా పెట్టెలో అది డాల్బీ ట్రాక్ ఉన్నప్పుడే పనిచేస్తోంది. పగలు మాత్రం తీసేస్తాను, పాటలో ఊపు పోతుంది.

ఇక మిగిలింది పెదాలకు, మాటకు పొంతన. టీవీ బొమ్మను సిద్ధం చేసుకోవడానికి కొంత సమయం తీసుకోవడంతో మాట ముందొచ్చేస్తోంది. 'ఆడియో డిలే' ఎంత పెట్టాలో తేల్చడానికి వార్తలు చదివేవాళ్ల 'నమస్కారం' వాడుకున్నాను. 'మ' పలకాలంటే పెదాలు కలవాల్సిందే. ప, బ, మ ఉన్న మాటలు ఏవైనా పనికొస్తాయి. పెదాలు మూసుకున్న క్షణానికి 'మ' వినపడేదాకా పదేసి మిల్లీసెకన్లు పెంచుతూ పోతే, 80 దగ్గర కుదిరింది.

అంకెలన్నీ రాసిన కాగితం మాన్యువల్‌లోనే పెట్టాను. ఆ సాయంత్రం అమ్మ రిమోట్ బల్ల మీద పెట్టి సినిమా చివరిదాకా చూసింది. మర్నాడు, "ఆమధ్య సగంలో లేచిపోయాను చూడు, అవన్నీ మొదట్నించీ పెట్టరా" అంది. ఇప్పటికి మూడు పూర్తయ్యాయి. ఇంకా చాలా ఉన్నాయి.