ఆమె కూడా అడగాలి

ఆదివారం.

పొద్దున్న రైతుబజారుకి వెళ్లొచ్చేసరికే ఉక్కపోత మొదలైంది. భోజనాలయ్యాక నడుం వాలుద్దామనుకుంటే మేనకోడలు నోట్‌బుక్ పట్టుకొచ్చింది. ఇంటర్ పరీక్షల టెన్షన్ తీరాక ఫాంటసీ కథ ఒకటి రాస్తోంది. మా విశాఖ కంబాలకొండ అడవిలో ఓ చెట్టులో ఉండే అమ్మాయి, ఆకుపచ్చ జుట్టు, వెన్నెల్లో మెరిసే ఒళ్లు. "ఎలా ఉందత్తా?" అంది. వర్ణన నిజంగా బాగుంది. కానీ ఆ అమ్మాయికి అందంగా ఉండటం తప్ప వేరే పనేం లేదు. అదే చెప్పాను.

ఫాంటసీ నవలల్లో కనిపించే ఇలాంటి చెట్టు అమ్మాయిలు గ్రీకు కథల్లో చెట్లలో ఉండే దేవకన్యలు డ్రయాడ్‌ల సంతతి. వాళ్లలో హామాడ్రయాడ్ అనే రకానికి చెట్టే ఆయువు, అది కూలితే ఆమె కూడా పోతుంది. రోమన్ కవి ఓవిడ్ రాసిన ఎరిసిక్థాన్ కథ చెప్పాను దానికి. ధాన్యదేవత సెరెస్ తోపులో పెద్ద ఓక్ చెట్టుని వాడు గొడ్డలి పెట్టి నరుకుతాడు. అడ్డొచ్చిన మనిషి తల తీసేస్తాడు. చెట్టు నుంచి నెత్తురు కారుతుంది, లోపలున్న ఆమె చచ్చిపోతూ శపిస్తుంది. ఆ తర్వాత వాడికి పట్టిన ఆకలి ఆస్తంతా తిన్నా, కూతుర్ని అమ్ముకుని తిన్నా తీరదు. ఆఖరికి తన ఒంటినే తినేస్తాడు. పిల్ల కాసేపు మాట్లాడలేదు.

మనకి అరణ్యపర్వంలో యక్షుడున్నాడు. ఈ మడుగు నాది, నా ప్రశ్నలకి జవాబు చెప్పి తాగమంటాడు. నకులుడి నుంచి భీముడి దాకా నలుగురూ వినకుండా తాగి పడిపోయారు. ధర్మరాజు ఒక్కడే ఆగాడు. ఆ యక్షుడు యమధర్మరాజే అని చివర్లో తెలుస్తుంది. నాకు అందులో నచ్చేది ఆయన ఎంచుకున్న వేషం. నీటికి ఒక యజమాని ఉంటాడని, అడక్కుండా ముట్టకూడదని అప్పటి జనం గట్టిగా నమ్మి ఉండకపోతే ఆ వేషం నప్పేది కాదు.

"మరి పైడితల్లి సిరిమానో?" అని అమ్మ అందుకుంది. విజయనగరంలో ఏటా పూజారి కలలో అమ్మవారు కనిపించి సిరిమాను ఉత్సవానికి ఏ చింతచెట్టు కావాలో చెబుతుందని నమ్మకం. ఆ చెట్టుకి పూజ చేశాకే గొడ్డలి వేస్తారు. ఓవిడ్ కథ శాపంతో చెప్పినదాన్ని మనవాళ్లు ఇప్పటికీ పసుపు కుంకుమలతో చేస్తున్నారు. ఫాంటసీ రచయితలు ఆ దేవతల అందాన్నీ కోపాన్నీ బాగా పట్టుకున్నారు. ఈ అడగటాన్ని మాత్రం చాలామంది వదిలేశారని నా బాధ.

అప్పుడు పిల్ల అడిగింది, "అయితే హుద్‌హుద్ తుపానులో పడిపోయిన చెట్లలో వాళ్లంతా ఏమయ్యారత్తా?"

2014 అక్టోబరు 12 దానికి సరిగ్గా గుర్తు కూడా ఉండదు. మర్నాడు కైలాసగిరి కొండ వైపు చూసి నేను ఏడ్చాను. జవాబు తోచలేదు. అది మాత్రం కథని అక్కణ్నుంచే మొదలుపెడతానంది. చెట్టు పడ్డాక ఆ అమ్మాయి చచ్చిపోవాలని అమ్మ, ఇంకో చెట్టు వెతుక్కోవాలని పిల్ల, రాత్రి అన్నాల దగ్గర కూడా తెగలేదు. నేను పిల్ల పక్షమే. కాకపోతే కొత్త చెట్టులోకి వెళ్లే ముందు ఆమె కూడా ఆ చెట్టుని అడగాలి. ఒప్పుకోకపోతే ఇంకో చెట్టు దగ్గరికి వెళ్లాలి.